తడి ఆరేదాకా

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒంగోలు అతను భోజనాల వేళ నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంట్లో పెట్టుకోవడానికి ఏ ప్రింటరు కొంటే మంచిదని అడిగాడు. కంపెనీలో కంప్యూటర్లూ వాటి సరంజామా కొనే పని నాది కాబట్టి ఇలాంటివి అందరూ నన్నే అడుగుతుంటారు. ఎప్పుడూ చెప్పేదే అతనికీ చెప్పాను. ఎప్పుడో ఓసారి నాలుగు కాగితాలు తీసుకోవడానికైతే లేజర్ కొనుక్కో, అందులో ఉండేది పొడి, ఎన్నాళ్లు ఊరికే పడి ఉన్నా పాడవదు. రంగులు కావాలంటే ఇంకు ట్యాంకులున్నది కొను. కానీ వారానికి ఒక్కసారైనా ఏదో ఒకటి ప్రింటు తీస్తూ ఉండాలి. లేకపోతే ఇంకు ఎండి, దాన్ని చిమ్మే హెడ్డు మూసుకుపోతుంది. సౌదీలో ఈ బురైదా పొడిగాలికి మరీ తొందరగా ఎండుతుంది. అతను తలూపి, అయితే లేజరే కొంటానని వెళ్లిపోయాడు. సరైన పనే.

నాకు మాత్రం ఆ తర్వాత పని మీద మనసు నిలవలేదు. ఇదే ప్రశ్న అడిగి, ఇదే జవాబు శ్రద్ధగా విని, దానికి సరిగ్గా ఎదురు పని చేసిన ఒక మనిషి గుర్తొచ్చాడు.

ఆయనది ప్రొద్దుటూరు. ఏసీ సామాన్ల కంపెనీలో స్టోరు చూసేవాడు. నేనున్న బిల్డింగులోనే కింది అంతస్తులో, మెట్ల పక్కన ఒక గది, ఇరుకు వంటిల్లు. బురైదాకు ఎప్పుడొచ్చాడో ఆయనకే సరిగ్గా గుర్తున్నట్టు లేదు. అడిగితే, ఈ రోడ్డుకు అవతల అంతా ఖర్జూరం తోటలే అప్పుడు, అని చెయ్యి ఊపేవాడు. పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. ఇంట్లో గళ్ల లుంగీ, తెల్ల బనీను. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవాడు. ఆ దారం సంగతి మరిచిపోయి అద్దాల కోసం గదంతా వెతికేవాడు. ఎవరైనా చూపిస్తే సిగ్గుపడేవాడు కాదు, అద్దాలే ఆలస్యంగా వచ్చినట్టు వాటి వంక కోపంగా చూసేవాడు.

తలుపు ఎప్పుడూ పూర్తిగా వేసేవాడు కాదు. సందులో ఒక పాత చెప్పు అడ్డం పెట్టేవాడు. చల్లదనమంతా బయటికి పోతోందని ఎవరైనా అంటే, పోనీలే, మెట్లు కూడా ఉడికిపోతున్నాయి కదా అనేవాడు. అసలు సంగతి, ఆయనకు మెట్ల మీద అడుగులు వినపడాలి. ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో, చేతిలో బరువుందో లేదో అడుగుల్ని బట్టి చెప్పేవాడు.

మా ఇద్దరికీ మాట కలిసింది కూడా అలాగే. నా భార్యా పాపా మా ఊరు జగిత్యాలకు వెళ్లిపోయిన వారం అది. పాప పై తరగతులకు వస్తోంది, ఇక ఇక్కడ కుదరదనుకుని పంపించేశాను. విమానం ఎక్కించి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువునూ కదపలేదు. ఆ సాయంత్రం నీళ్ల క్యాను మోసుకుని మెట్లెక్కుతుంటే తలుపు సందులోంచి గొంతు వినిపించింది.

"ఏమప్పా, పాప చెప్పుల సప్పుడు వినపడల్యా. ఊరికి పంపిస్తివా?"

అవునన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. లోపలికి పిలిచి, పాలు లేకుండా, పుదీనా ఆకు వేసిన సులేమానీ చాయ్ ఇచ్చాడు.  లేచి వెళ్తుంటే మళ్లీ రమ్మని కూడా అనలేదు. నేను తాగిన గ్లాసు కడిగి అలమరలో బోర్లించి, "ఇది నీ గ్లాసు" అన్నాడు. అప్పటి నుంచి ఆయన్ని చాచా అని పిలిచాను. ఆయన నన్ను అబ్బయా అనేవాడు.

కొన్నాళ్లకు ఆయనకు ప్రింటరు కొనాలన్న ఆలోచన పట్టుకుంది. ఎందుకని అడిగాను. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కాపీలనీ, టికెట్లనీ ఏవో ఉంటాయి కదా అన్నాడు. ఇఖామా ఇప్పుడు ఫోన్లోనే చూపిస్తున్నారు, టికెట్టూ ఫోన్లోనే, పోలీసు కూడా కాగితం అడగడం లేదని చెప్పాను. అంతా విన్నాడు. "అయినా ఒకటుండాల" అన్నాడు.

ఒక సాయంత్రం ఎలక్ట్రానిక్స్ షాపుకు తీసుకెళ్లాను. ప్రింటర్ల వరస ముందు ఆయన ఎద్దుల సంతలో తిరిగినట్టు తిరిగాడు. ఒకదాని మూత ఎత్తి చూశాడు, ఇంకొకదాని ట్రే లాగి నెట్టాడు, ఇంకొకదాని వీపు తట్టాడు. అక్కడున్న మలయాళీ సేల్స్‌మన్ నెలకు ఎన్ని కాగితాలు తీస్తారని హిందీలో అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. పెద్దగా ఏమీ ఉండవని నేనే చెప్పాను. అయితే లేజరే మేలని అతనూ అన్నాడు. అప్పుడు చాచా తన ప్రొద్దుటూరు ఉర్దూలో, వీటన్నిట్లో వాడకపోతే చెడిపోయేది ఏదని అడిగాడు. సేల్స్‌మన్ తను తప్పుగా విన్నాననుకుని మళ్లీ అడిగించుకున్నాడు. తర్వాత ఇంకు ట్యాంకుల ప్రింటరు చూపించాడు. అదే కట్టమన్నాడు చాచా.

కారులో నాకు కాస్త కోపంగానే ఉంది. అంత చెప్పి తీసుకొచ్చిన నా మాట పోయిందని కాదు, ఈ పెద్దమనిషి కోరి తలనొప్పి తెచ్చుకుంటున్నాడని. పెట్టెను వెనక సీట్లో పెట్టమంటే పెట్టలేదు, ఒళ్లో పెట్టుకున్నాడు. లేజరైతే నిశ్చింతగా ఉండేది, దీనికి వారం వారం పని చెప్పాలి, మరిచిపోతే చచ్చి ఊరుకుంటుంది అన్నాను. ఆయన పెట్టెను ఒళ్లో సర్దుకున్నాడు.

"వాడకపోతే చెడిపోయేది ఇంట్లో ఒకటుండాల అబ్బయా. లేకపోతే శుక్రవారం ఏం తోచదు."

ఇక్కడి శుక్రవారాన్ని ఒంటరిగా గడిపినవాళ్లకు ఆ మాట వివరించనక్కర్లేదు. నమాజు అయిపోయాక ఊరంతా తిని పడుకుంటుంది. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. సాయంత్రపు అసర్ నమాజుకు మళ్లీ పిలుపు వచ్చేదాకా రోడ్డు మీద పిల్లి తప్ప ఏదీ కదలదు. ఊరికి ఫోన్ చేస్తే అక్కడ ఎవరి పనుల్లో వాళ్లుంటారు. మంచం మీద పడుకుని ఏసీ మోత వినడం తప్ప వేరే పని ఉండదు. నా భార్యా పాపా వెళ్లాక నేను చూసిన మొదటి శుక్రవారం ఇంకా గుర్తుంది. గోడ మీద పాప పెన్సిలుతో గీసిన గీతలు చూస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

ప్రింటరు వచ్చాక చాచాకు శుక్రవారానికి ఒక క్రమం ఏర్పడింది. జుమ్మా నుంచి వచ్చి అన్నం తిని, చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ప్రింటరు మీద కప్పిన బట్ట తీసేవాడు. అది ఇస్త్రీ చేసిన పాత లుంగీ ముక్క. ట్యాంకుల్లో ఇంకు ఎంతుందో వంగి చూసేవాడు. ఎరుపు తగ్గితే, "దీనికి దప్పికయింది" అనేవాడు. ముందుగా నాలుగు రంగుల గీతలుండే పరీక్ష కాగితం తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరేటప్పటిలా ఒక్కొక్క గీతనూ చూసేవాడు. ఎక్కడా తెగలేదని తేలాక గానీ కుర్చీలో కూర్చునేవాడు కాదు. కూర్చుని, తలుపు సందు వైపు చూసేవాడు.

మనుషులు రావడం మొదలైంది. మొదట వచ్చింది ఎదురు వీధిలో నీళ్ల ట్యాంకరు నడిపే పాకిస్తానీ డ్రైవరు. ఊళ్లో పుట్టిన కూతురి ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, దాన్ని కాగితం మీద చూడాలన్నాడు. అతను చెబితే మంగలి షాపు బంగ్లాదేశీ వచ్చాడు. తర్వాత మా జగిత్యాల, నిజామాబాద్ వైపు మేస్త్రీలు వచ్చారు. నేననుకున్నట్టు ఎవరూ టికెట్లు తీయించుకోలేదు, ఇఖామాలు తీయించుకోలేదు. అందరూ తెచ్చింది ముఖాలే. ఫోను నిండా ఉన్నవాళ్లు కూలీల క్యాంపు గదిలో మంచం పక్కన గోడ మీద కూడా ఉండాలని వాళ్ల కోరిక.

ఆయనకొక నియమం ఉండేది. ప్రింటు తీసిన కాగితాన్ని వెంటనే చేతికిచ్చేవాడు కాదు. కిటికీ నుంచి అలమరదాకా కట్టిన తీగకు బట్టల క్లిప్పుతో తగిలించేవాడు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది, ఇప్పుడు ముట్టుకుంటే ముఖం చెరిగిపోతుంది అనేవాడు. "తొందరేముంది, ఆరనీ." అది ఆరేలోపల చాయ్ మరిగేది. చాయ్ తాగేలోపల ఫొటోలో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఆ చొక్కా ఎవరు కుట్టారు అని మాటలు నడిచేవి. బురైదా గాలిలో తడి తువ్వాలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు అప్పడంలా అవుతుంది. కాగితం మీది ఇంకు గంటసేపు ఎందుకు ఆరాలో ఎవరూ అడగలేదు. తీగ కింద కూర్చునేవాళ్లు తలెత్తి తమవాళ్లను చూసుకుంటూ కూర్చునేవాళ్లు.

ఒకసారి ఒక మేస్త్రీ తన ఇలవేల్పు బొమ్మ తీయించుకోవాలని వచ్చి, అడగలేక గుమ్మంలోనే నిలబడ్డాడు. చాచా అతని ఫోను తీసుకుని చూసి, మారు మాట లేకుండా ప్రింటు తీశాడు. దాన్ని మాత్రం తీగకు తగిలించలేదు. ఫ్యాను కింద పెట్టి, ఆరాక బొమ్మ లోపలికి వచ్చేలా పాత పేపర్లో చుట్టి, గదిలో లోపలి వైపు పెట్టుకో, ఈ దేశంలో ఇవి బయట కనబడకూడదు, అందరికీ చూపించొద్దు అని చెప్పి పంపాడు.

నేనూ ప్రతి శుక్రవారం దిగేవాణ్ని. మొదట్లో పాప ఫొటోలు తీయించుకున్నాను. తర్వాత ఇక తీయించుకోవడానికేమీ లేక, ఒట్టి చేతులతో వెళ్లడం ఎలాగో అనిపించి, ఒక రోజు మా ఆఫీసు ఏసీకి సంబంధించిన కంపెనీ సూచనల పుస్తకంలో ఒక పేజీ పంపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. ప్రింటు తీశాడు. ఒక పసిపాప ఫొటోకూ ఒక పెళ్లి ఫొటోకూ మధ్య దాన్ని కూడా క్లిప్పు పెట్టి తగిలించాడు. చాయ్ గ్లాసు నా చేతికిస్తూ మెల్లగా అన్నాడు.

"ఉత్త చేతులతో వస్తే తలుపు తీయనని ఎప్పుడన్నా చెప్పినానా?"

ఆ తర్వాత నేను కాగితాలు పంపలేదు.

ఆయన గురించి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్క శుక్రవారం సంగతే. ఖర్జూరం కోతల కాలం. ఊరి బయట ఒక తోటలో పనిచేసే ధర్మపురి వైపు మనిషి నాకు పొద్దున్నే ఫోన్ చేశాడు. మావి దగ్గరి ఊళ్లే. అంతకు కొన్ని రోజుల ముందు ఊళ్లో వాళ్ల అవ్వ, అంటే తల్లి, చనిపోయింది. కోతలయ్యేదాకా వెళ్లడానికి లేదన్నాడట కఫీలు, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని. తిట్టలేదు, కొట్టలేదు, పక్కన కూర్చుని ఓదార్చాడు కూడా. అయినా రాకపోకల వీసా వేసి వెళ్లిరమ్మని మాత్రం అనలేదు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. ఇప్పుడు ఇతనికి తల్లి ఫొటో ఒకటి కావాలి. కారులో తీసుకొస్తుంటే దారి పొడవునా ఫోన్ను రెండు చేతుల్లో పట్టుకునే కూర్చున్నాడు.

ఫోన్లో ఉన్నది తమ్ముడి పెళ్లి ఫొటో. మధ్యలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, చుట్టూ ఇరవై మంది చుట్టాలు. ఓ చివర, ఎవరో లావుపాటావిడ భుజం వెనక నుంచి తల్లి ముఖం. కెమెరా వైపు చూడ్డం లేదు. పక్కనున్న ఎవరికో ఏదో చెబుతూ నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఫొటో దిగాలంటే ఆమెకు సిగ్గట. ఇంకో ఫొటో లేదు.

చాచా ఆ ముఖాన్ని తన పాత ల్యాప్‌టాప్‌లో పెద్దది చేశాడు. ఆమె రంగేమిటి, నల్లనా, చామనఛాయా, ఈ చీర నిజంగా ఏ రంగుది అని ఒక్కొక్కటే అడిగాడు. మొదటి ప్రింటు నీలంగా వచ్చింది. ముఖం చలికి గడ్డకట్టినట్టుంది. చాచా చప్పున మడిచేశాడు గానీ అతను చూడనే చూశాడు. "చాలు కాకా, గంతే చాలు" అన్నాడు. చాలదని చాచా తల అడ్డంగా ఊపాడు. హెడ్డు శుభ్రం చేసే మీట నొక్కాడు. యంత్రం ఆయాసపడుతూ ఇంకు గుంజుకుంది. రెండో ప్రింటులో చెంప మీద తెల్లచార వచ్చింది. మళ్లీ శుభ్రం చేసి, కాసేపు ముట్టుకోవద్దని చెప్పి, ఈలోగా అసర్ బాంగ్ వినిపిస్తే ఆ మూలనే నమాజు చేసుకుని వచ్చాడు. మూడోసారి ఆమె సరిగ్గా వచ్చింది. దగ్గరగా చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంది కానీ, కాస్త ఎడంగా పట్టుకుంటే ఒక మనిషి.

అతను చాలాసేపు చూశాడు.

"మా అవ్వ గదువ మీద పచ్చబొట్టుండె" అన్నాడు చివరికి, తన గడ్డం తడుముకుంటూ. "నేను మర్సేపోయిన."

చాచా అలవాటు కొద్దీ ఆ కాగితం తీసుకుని తీగ దగ్గరికి వెళ్లాడు. చేతిలో క్లిప్పు. అతను తల దించుకున్నాడు. చాచా ఆ క్లిప్పును బనీను అంచుకు పెట్టుకుని వెనక్కి వచ్చాడు. "ఈయమ్మకు క్లిప్పు వద్దులే" అని మంచం అంచున కూర్చుని, రెండు అరచేతులూ చాపి, వాటి మీద ఆ ఫొటోను పరుచుకున్నాడు. అలాగే కూర్చున్నాడు. ఆ రోజు ఇంకు నిజంగానే ఎక్కువ పడింది, ఆరడానికి సమయం పట్టింది. ఆయనకు భుజాల నొప్పి ఉండేది.  నేను పట్టుకుంటానంటే వద్దని కళ్లతోనే చెప్పాడు.

ఆరాక, మీలో ఏం పెడతారని నన్ను గొంతు తగ్గించి అడిగాడు. అన్నం వండి, పోయినవాళ్లకు ఇష్టమైనది పెడతాం, ఓ ముద్ద పిట్టకు పెడతాం అని చెప్పాను. అవ్వకు పచ్చిపులుసు ఇష్టమన్నాడు అతను. చాచా చింతపండు తీసి నానబెట్టాడు. ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకున్నాడు. పులుసు మాత్రం అతన్నే పిసకమన్నాడు. నేను పొయ్యి మీద అన్నం చూశాను. ప్రింటరును కిందికి దించి, ఆ బల్ల తుడిచి, ఉతికిన తువ్వాలు పరిచి, ఫొటోను గోడకు ఆనించి పెట్టాడు చాచా. అతను అన్నం, పచ్చిపులుసు పెట్టి మొక్కుతుంటే తను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

ముద్ద తీసుకుని మిద్దె మీదికి ఎక్కాం. ఎండ ఇంకా తగ్గలేదు. పిట్టగోడ మీద ముద్ద పెట్టి నీడకు జరిగాం. మా ఊళ్లో అయితే కాకులు కాచుకుని ఉంటాయి. బురైదాలో కాకి ఏది? అతను ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఏదీ రాలేదు. నాకు భయం వేసింది. రాకపోతే ఇతనికి ఏం చెప్పాలి? వెనక మెట్ల తలుపు దగ్గర చాచా ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, ఆయనా పైకే చూస్తున్నాడు. చివరికి ఒక గువ్వ వచ్చి, గోడ చివర వాలి, అటూ ఇటూ నడిచి, ముద్దను పొడిచింది. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. అంతదాకా ఏడవలేదట.

కిందికి వచ్చి ముగ్గురం తిన్నాం. చాచా పచ్చిపులుసు రెండోసారి పోసుకుని, మీ అమ్మ ఇట్లాగే చేసేదా అని అడిగాడు. "ఇంకింత పుల్లగ చేస్తుండె కాకా" అన్నాడు అతను. అని కొద్దిగా నవ్వాడు.

అతన్ని తోటలో దింపి వచ్చాక నేను చాచాను అడిగాను, నీ గదిలో ఇలా చేసినందుకు నీకేమీ ఇబ్బంది లేదా అని. ప్రింటరును మళ్లీ బల్ల మీదికి ఎక్కిస్తున్నాడు.

"అమ్మకు అన్నం పెట్టేదానికి ఎవరు అడ్డం చెప్తారప్పా."

అందరి ఫొటోలూ వేలాడిన ఆ తీగ మీద ఆయన మనుషులెవరూ ఎప్పుడూ కనబడలేదు. ఆ మాట అడగడానికి నాకు చాలాకాలం పట్టింది. దుమ్ముగాలి లేచి ఎవరూ రాని ఒక శుక్రవారం అడిగాను. ఆయన పర్సు తీసి, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో చూపించాడు. అంచులు అరిగి మెత్తబడింది. నల్లటి ముసుగులో ఒక ముఖం, కెమెరాకు భయపడినట్టు కళ్లు పెద్దవి చేసి. ఆయన భార్య. మక్కాకు, ఉమ్రా యాత్రకు తీసుకొద్దామని పాస్‌పోర్టు చేయించినప్పుడు దిగిన ఫొటో. ఆ ప్రయాణం ఏటికేడు వాయిదా పడింది. కరోనాకు విమానాలన్నీ బందైన రోజుల్లో ఆమె పోయింది.

"ఫోన్లో చూపించినారు" అన్నాడు. "అంతా చూసినాను. మట్టి వేసేటప్పుడు బొమ్మ నిలిచిపోయింది. ఎవరిదో చెయ్యి, చేతి నిండా మట్టి. అట్లనే నిలబడింది. వేసింది నేను చూల్లేదు."

 ఆ ఫొటో ఇవ్వు చాచా, స్కాన్ చేసి పెద్దగా తీద్దాం, చెరిగిపోయిన చోట బాగుచేద్దాం అన్నాను. ఆయన దాన్ని మళ్లీ పర్సులో పెట్టుకున్నాడు.

"ఒకటే ఉండనీ అబ్బయా. రెండోది ఉంటే దీన్ని జాగ్రత్తగా చూసుకోను."

నిరుడు వాళ్ల కంపెనీ వయసు పైబడినవాళ్లను తగ్గించింది. ఆయనకు ఇక తిరిగి రావడానికి లేని ఫైనల్ ఎగ్జిట్ వేశారు. అన్నేళ్ల కాపురం రెండు పెట్టెల్లో సర్దుకుంది. ప్రింటరును నాకిస్తానన్నాడు. నేను మోస్తానన్నా వినకుండా, ట్యాంకుల్లో ఇంకు ఒలకకుండా పళ్లెంలో పాలు తెస్తున్నట్టు మెట్టు మెట్టూ ఆగుతూ పైకి తనే తెచ్చాడు. ఎక్కడ పెట్టాలో చూసి పెట్టి, లుంగీ ముక్క కప్పాడు. వెళ్లే రోజు తలుపు సందులోని చెప్పు తీసి చెత్తడబ్బాలో వేశాడు. తలుపు లాగాడు. ఆ తలుపు గడియ పడే చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.

ప్రొద్దుటూరులో కూతురి ఇంట్లో ఉండేవాడు. ప్రతి శుక్రవారం వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఎవరెవరు వచ్చారు, ఏం తీశావు, పసుపు సరిగ్గా పడుతోందా. మొదట్లో కొందరు నా గదికి కూడా వచ్చారు. కానీ మూడంతస్తులు ఎక్కాలి. పైగా వచ్చినవాళ్లతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. కాగితం తీసి చేతికిచ్చేవాణ్ని, వాళ్లు థాంక్యూ చెప్పి దిగిపోయేవాళ్లు. మెల్లగా రావడం తగ్గింది. నేనొక్కణ్ని కూర్చుని నాలుగు రంగుల పరీక్ష కాగితం తీసి, ఫొటో తీసి ఆయనకు పంపేవాణ్ని. ఎవరూ రాలేదు చాచా అంటే, ఎండలు కదప్పా అనేవాడు. అక్కడ ఎలా ఉందని ఒకసారి అడిగాను. కూతురు బాగా చూసుకుంటోంది, వీధిలో గోల ఎక్కువ, ఎవరి అడుగులు ఎవరివో తెలియడం లేదు అన్నాడు.

ఈ చలికాలంలో ఒక బుధవారం ఆయన ఫోను నుంచే మెసేజ్ వచ్చింది. పెట్టింది అల్లుడు. తెల్లవారుజామున నమాజుకు లేవలేదట. మధ్యాహ్నానికి మట్టి అయిపోయింది. నాకు తెలిసిన నంబర్లకు ఆ మెసేజ్ పంపించాను. జవాబుగా దండాలు పెట్టిన బొమ్మలు, దువాలు వచ్చాయి. అంతటితో అయిపోయిందనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. ట్యాంకరు డ్రైవరు. చేతిలో ఏమీ లేదు. వచ్చి కింద తివాచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి మంగలి బంగ్లాదేశీ. తర్వాత మేస్త్రీలు ఇద్దరు. నేనెప్పుడూ చూడని ఒక నేపాలీ వచ్చి, ఇక్కడేనా అని అడిగి లోపలికి వచ్చాడు. చివరికి తోట మనిషి, అంత దూరం నుంచి ఎవరి బండో పట్టుకుని, చొక్కా మీద దుమ్ముతో. ఎవరినీ నేను రమ్మనలేదు. ఒకరికొకరు తెలియనివాళ్లు కూడా ఉన్నారు. అందరం గోడలకు ఆనుకుని కూర్చున్నాం. చాయ్ పెట్టాను. 

డ్రైవరు దువా చేద్దామన్నాడు. చేతులెత్తబోయి, ఆగి, ఆయన పేరూ తండ్రి పేరూ ఏమిటని హిందీలో అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను మంగలి వైపు చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు, తెలియదని. మంగలికీ నాకూ ఆయన చాచా. డ్రైవరుకు భాయీసాబ్. మేస్త్రీలకు మామ. నేను ఫోను తీసి అల్లుడు పెట్టిన మెసేజ్ మళ్లీ తెరిచాను. అందులో పేరు పూర్తిగా ఉంది, తండ్రి పేరుతో సహా. బయటికి చదివాను.

"ఇన్నొద్దులు కాకా అనే పిలిచినం గని పేరు అడగనే లేదు" అన్నాడు తోట మనిషి.

డ్రైవరు ఆ పేరు పలికి దువా మొదలుపెట్టాడు. మంగలి ఆమీన్ అన్నాడు. మేస్త్రీలు చేతులు జోడించి కూర్చున్నారు. దువా అయిపోయింది. తోట మనిషి తనలో తాను ఆ పేరు పలకడానికి ప్రయత్నించాడు. అరబ్బీ పేరు, మధ్యలో నాలుక తడబడింది. సిగ్గుపడుతూ నా వైపు తిరిగి, ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఈసారి తప్పు లేకుండా పలికాడు.